పాఠం 18: వయసుతో మసకబారే నడిమి చూపు – మన అలవాట్ల పాత్ర

18.1 పరిచయం

మీరు ఇప్పుడు ఈ పుట చదువుతున్నారు. ఒక చిన్న పని చేసి చూడండి. ఈ వాక్యంలో మొదటి అక్షరం మీద మీ చూపు నిలపండి. చూపును కదల్చకుండా, ఇదే పంక్తి చివర ఉన్న మాటను చదవడానికి ప్రయత్నించండి. చదవలేకపోయారు కదూ? అక్కడ ఏదో అచ్చయి ఉందని తెలుస్తుంది. కాని అది ఏ అక్షరమో తెలియదు.

దీనికి కారణం ఉంది. కంటి లోపలి పొర అంతా ఒకే విధంగా చూడదు. అక్షరాలు చదవడానికి, సూదిలో దారం ఎక్కించడానికి, ఎదుటి మనిషి ముఖం గుర్తుపట్టడానికి పనికివచ్చేది ఆ పొర మధ్యనున్న ఒక చిన్న భాగం మాత్రమే. దానిని పచ్చచుక్క అంటారు. వయసు పెరిగినకొద్దీ కొందరిలో ఈ పచ్చచుక్క క్షీణిస్తుంది. దానివల్ల కలిగే వ్యాధిని గురించి, దాని ముప్పును పెంచే అలవాట్లను గురించి ఈ పాఠంలో తెలుసుకొందాం.

మీలో చాలామంది ఉద్యోగం, కూలి, ఇంటిపని చేసుకొంటూ, ఆలస్యంగా చదువు మొదలుపెట్టినవారు. కష్టపడి నేర్చుకొన్న చదువు జీవితమంతా ఉపయోగపడాలంటే చదివే చూపు నిలవాలి. అందుకు ఇప్పటి నుండే ఏం చేయవచ్చునో తెలుసుకోవడం అవసరం.

18.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• పచ్చచుక్క ఎక్కడ ఉంటుందో, ఏ పని చేస్తుందో వివరించగలుగుతారు;
• పచ్చచుక్క క్షీణతకూ, శుక్లానికీ తేడా చెప్పగలుగుతారు;
• మనం మార్చలేని ముప్పు కారకాలను, మార్చగలిగిన ముప్పు కారకాలను వేరుచేయగలుగుతారు;
• ఇంట్లో ఉన్న వస్తువులతోనే నడిమి చూపును పరీక్షించుకోగలుగుతారు;
• వైద్యుని వద్దకు ఎప్పుడు వెంటనే వెళ్లాలో తెలుసుకొంటారు.

18.3 ఒక ఉదాహరణ

కోల్‌కతాలో తెలుగువారు తరతరాలుగా ఉన్నారు. రైల్వే పనికి, ఓడరేవు పనికి, ఇతర ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అలాంటి ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. ఖిదిర్‌పూర్ రేవులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన ఒక తాతగారు ఉన్నారు. ఆయనది శ్రీకాకుళం వైపు ఊరు. వయసు 68 సంవత్సరాలు. కుర్రతనం నుండి చుట్ట తాగే అలవాటు ఉంది.

ఒకనాడు ఆయన మంచం మీద పడుకొని కిటికీ వైపు చూస్తూ మనవరాలితో, "కిటికీ మధ్య ఊచ వంగిపోయిందేమిటమ్మా?" అన్నారు.

"లేదు తాతా, తిన్నగానే ఉందిగా!" అంది మనవరాలు.

"కాదే, మధ్యలో మెలి తిరిగి ఉంది, చూడు."

మనవరాలు వెళ్లి ఊచను చేత్తో పట్టుకొని చూసింది. అది తిన్నగానే ఉంది. తాతగారు నవ్వి, "ముసలితనం కదమ్మా, కళ్లజోడు మార్చాలి" అన్నారు. అంతటితో ఆ మాట మరచిపోయారు. మూడు నెలలు గడిచాయి. అప్పటికి ఒక కంటితో చూస్తే మనవరాలి జడ, చెవిపోగులు కనిపిస్తున్నాయి కాని, ముఖం ఉండవలసిన చోట మసక మచ్చ కనిపించసాగింది.

ఇక్కడ జరిగిన పొరపాటు ఏమిటి? తిన్నని గీత వంకరగా కనిపించడం కళ్లజోడుకు సంబంధించిన విషయం కాదు. అది పచ్చచుక్క పంపిన హెచ్చరిక. ఆ హెచ్చరిక అర్థం కావాలంటే ముందుగా కంటి నిర్మాణాన్ని కొంత గుర్తుచేసుకోవాలి.

18.4 పచ్చచుక్క అంటే ఏమిటి?

కన్ను కెమెరా లాంటిదని విజ్ఞానశాస్త్ర పాఠంలో చదివారు. వెలుగు కంటిపాప గుండా లోపలికి వెళ్తుంది. కటకం ఆ వెలుగును వెనుకనున్న నేత్రపటలం మీద పడేటట్లు చేస్తుంది. నేత్రపటలంలో వెలుగును గ్రహించే కణాలు రెండు రకాలు: దండాలు, శంకువులు. మసక వెలుతురులో చూడడానికి దండాలు, రంగులను, సన్నని వివరాలను చూడడానికి శంకువులు ఉపయోగపడతాయి.

నేత్రపటలం మధ్యలో సుమారు 5 మిల్లీమీటర్ల వెడల్పుగల భాగమే పచ్చచుక్క. దీని నట్టనడుమ శంకువులు బాగా దట్టంగా ఉంటాయి. అందువల్లనే మనం దేనినైనా స్పష్టంగా చూడాలనుకొన్నప్పుడు కన్ను దాని వైపు తిరుగుతుంది. అంటే ఆ వస్తువు బొమ్మ పచ్చచుక్క మీద పడేటట్లు చేసుకొంటుంది.

ఈ భాగానికి పసుపు రంగు ఎందుకు వచ్చింది? ల్యూటిన్, జియాజాంతిన్ అనే రెండు పసుపు పదార్థాలు ఇక్కడ పోగుపడి ఉంటాయి. ఇవి వెలుగులోని నీలి భాగాన్ని కొంత అడ్డుకొంటాయి. కణాలు చెడిపోకుండా కాపాడతాయి. వీటిని మన శరీరం తయారుచేసుకోలేదు. ఆహారం నుండే రావాలి. ఈ విషయం గుర్తుంచుకోండి. ఆహారం గురించి చెప్పుకొన్నప్పుడు మళ్లీ దీని దగ్గరకు వస్తాం.

పచ్చచుక్క నిత్యం చాలా పని చేస్తుంది. పని ఎక్కువైన చోట చెత్త కూడా ఎక్కువ తయారవుతుంది. నేత్రపటలం కింద ఉన్న మరొక పొర ఆ చెత్తను ఎప్పటికప్పుడు తొలగిస్తూ, ఆహారాన్ని, ప్రాణవాయువును అందిస్తుంది. వయసు మీరినకొద్దీ ఈ శుభ్రపరిచే పని మందగిస్తుంది. తొలగించని చెత్త చిన్నచిన్న పసుపు కణికలుగా పేరుకొంటుంది. వీటిని డ్రూసెన్ అంటారు. ఒకటి రెండు చిన్న కణికలు చాలామంది పెద్దవారిలో ఉంటాయి. కణికలు పెద్దవై, ఎక్కువైతే పైనున్న కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. ఇదే వయసుతో వచ్చే పచ్చచుక్క క్షీణత. వైద్యులు దీనిని ఏ.ఎం.డి. అని పిలుస్తారు.

ఈ వ్యాధి రెండు రకాలు.

పొడి రకం: ఎక్కువమందిలో కనిపించేది ఇదే. పచ్చచుక్కలోని కణాలు నెమ్మదిగా, సంవత్సరాల తరబడి నశిస్తాయి. మొదట్లో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, నీరు కారదు. అందుకే చాలామందికి తెలియదు.

తడి రకం: కొద్దిమందిలో నేత్రపటలం కింద పనికిరాని కొత్త రక్తనాళాలు పుడతాయి. అవి చాలా బలహీనమైనవి. వాటి నుండి నీరు, రక్తం కారి పచ్చచుక్క ఉబ్బుతుంది. ఉబ్బిన పొర మీద పడే గీత వంకరగా కనిపిస్తుంది. ఇది వారాల్లోనే చూపును పోగొట్టగలదు. మన ఉదాహరణలోని తాతగారికి వచ్చింది ఇదే.

ఏ రకంలోనైనా సాధారణంగా పక్క చూపు మిగిలి ఉంటుంది. మనిషి ఇంట్లో తిరగగలడు. కాని చదవలేడు, డబ్బు లెక్క చూసుకోలేడు, బస్సు నెంబరు చూడలేడు, మనుమల ముఖాలు చూడలేడు.

శుక్లానికీ దీనికీ తేడా: శుక్లంలో కంటి ముందు భాగంలోని కటకం మసకబారుతుంది. ఆపరేషన్ చేసి కొత్త కటకం పెడితే చూపు తిరిగివస్తుంది. పచ్చచుక్క క్షీణతలో కంటి వెనుక పొర చెడిపోతుంది. చనిపోయిన కణాలను తిరిగి తెచ్చే వైద్యం ఇప్పటికి లేదు. "శుక్లమే కదా, ముదిరాక చూపిద్దాం" అని ఇంట్లోనే నిర్ణయించుకొని ఆగడం ప్రమాదం. మసక దేనివల్ల వచ్చిందో చెప్పవలసినది వైద్యుడే.

పాఠగత ప్రశ్నలు 18.1

ఖాళీలు పూరించండి:
1. సన్నని వివరాలను చూడడానికి ఉపయోగపడే కణాలు __________.
2. నేత్రపటలం కింద పేరుకొనే పసుపు కణికలను __________ అంటారు.
3. తిన్నని గీతలు వంకరగా కనిపించడం __________ రకం లక్షణం.

18.5 ముప్పు కారకాలు

ముప్పు కారకం అంటే ఏమిటి? ఒక వ్యాధి వచ్చే అవకాశాన్ని పెంచేది ముప్పు కారకం. అది ఉన్న ప్రతివారికీ వ్యాధి వస్తుందని కాదు, లేనివారికి రాదనీ కాదు. వాన రోజున గొడుగు లేకుండా బయలుదేరినవారందరూ తడవరు. కాని తడిసే అవకాశం వారికే ఎక్కువ.

18.5.1 మనం మార్చలేనివి

వయసు: అన్నిటికన్నా పెద్ద కారకం ఇదే. 50 ఏళ్లలోపు ఈ వ్యాధి అరుదు. 60 దాటాక వేగంగా పెరుగుతుంది. ప్రపంచంలో ముసలివారి సంఖ్య పెరుగుతున్నందున రోగుల సంఖ్యా పెరుగుతోంది. 2020 నాటికి ప్రపంచంలో 19 కోట్ల 60 లక్షల మందికి, 2040 నాటికి 28 కోట్ల 80 లక్షల మందికి ఈ వ్యాధి ఉంటుందని 2014లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు.

వంశం: తల్లికి గాని, తండ్రికి గాని, తోబుట్టువులకు గాని ఈ వ్యాధి ఉంటే మనకు వచ్చే అవకాశం ఎక్కువ. దీనితో సంబంధమున్న ఒక ముఖ్యమైన జన్యువును 2005లో గుర్తించారు.

వయసును వెనక్కి తిప్పలేం, తల్లిదండ్రులను మార్చుకోలేం. అయితే ఈ సమాచారం వృథా కాదు. మీ ఇంట్లో పెద్దవారికి ఈ వ్యాధి ఉంటే, మిగిలిన కారకాల విషయంలో మీరు ఇతరులకన్నా ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

18.5.2 మనం మార్చగలిగినవి

(అ) పొగాకు

మనం మార్చగలిగిన కారకాలలో అన్నిటికన్నా బలమైనది పొగ తాగడం. పొగ తాగేవారికి ఈ వ్యాధి వచ్చే అవకాశం తాగనివారికన్నా 2 నుండి 4 రెట్లు ఎక్కువని అనేక దేశాల అధ్యయనాలు చూపాయి.

ఈ విషయంలో మన తెలుగు నేల మీదనే ఒక పెద్ద అధ్యయనం జరిగింది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుండి 2000 వరకు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజల కళ్లను పరీక్షించింది. హైదరాబాదు నగరంలోను, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల గ్రామాలలోను 10 వేలకు పైగా ప్రజలను చూశారు. పచ్చచుక్క క్షీణతను గురించిన ఫలితాలను 2005లో ప్రకటించారు. 40 ఏళ్లు, ఆపైన వయసున్నవారిలో నూటికి 1.82 మందికి, అంటే సుమారు 55 మందిలో ఒకరికి, ఈ వ్యాధి ఉంది. చుట్ట తాగిన అలవాటు ఉన్నవారిలో ఈ వ్యాధి ఉండే అవకాశం సుమారు 3 రెట్లు ఎక్కువగా కనిపించింది.

చుట్ట మన ప్రాంతపు అలవాటు. చలికి మంచిదని, పని అలసట పోగొడుతుందని పెద్దలు చెప్పుకొనేవారు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలలో కొందరు స్త్రీలు నిప్పున్న కొనను నోటి లోపల పెట్టుకొని అడ్డపొగ తాగుతారు. "మా తాత చుట్ట తాగే తొంభై ఏళ్లు బతికాడు" అనే మాట మీరూ విని ఉంటారు. బతికి ఉండవచ్చు. కాని ఆ తొంభై ఏళ్ల వయసులో ఆయనకు చూపు ఎలా ఉండేదో కూడా అడగాలి. చుట్ట వదిలి సిగరెట్టో, బీడీయో పట్టినంతమాత్రాన ముప్పు పోదు.

పొగ కంటికి ఎలా హాని చేస్తుంది? పొగలోని పదార్థాలు రక్తంలో కలిసి, కణాలను కాపాడే విటమిన్లను ఖర్చు చేస్తాయి. పచ్చచుక్కలోని పసుపు పదార్థాలు పొగ తాగేవారిలో తక్కువగా ఉంటాయి. కంటి వెనుక సన్నని నాళాలలో రక్తప్రసారం తగ్గుతుంది. అంటే చెత్తను పెంచుతూ, దాన్ని తీసేసే చేతులను కట్టివేస్తుందన్నమాట.

పొగ మానితే లాభం ఉందా? ఉంది. బ్రిటన్‌లో జరిగి 2006లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, మాని 20 ఏళ్లు దాటినవారిలో ముప్పు ఎన్నడూ తాగనివారి స్థాయికి వచ్చినట్లు కనిపించింది. ఈ లెక్కను మీ వయసుకు అన్వయించుకోండి. 35 ఏళ్లకు మానినవారు 55కు ఆ లాభం పొందుతారు. సరిగ్గా వ్యాధి మొదలయ్యే వయసు అది. 60కి మానినవారికీ మేలే, కాని గడువు తక్కువ. పొగ తాగేవారితో ఒకే ఇంట్లో ఉన్నవారిలో కూడా ముప్పు పెరిగినట్లు అదే అధ్యయనంలో తేలింది. ఒక్క గది ఇంట్లో తలుపు దగ్గర నిలబడి తాగినా, ఆ పొగ పొయ్యి దగ్గరున్న ఇల్లాలికీ చేరుతుంది.

మానడానికి సహాయం కావాలంటే జాతీయ పొగాకు విరమణ ఉచిత ఫోన్ నెంబరు 1800-11-2356. 2018 నుండి ఈ నెంబరును సిగరెట్టు, బీడీ పెట్టెల మీద కూడా ముద్రిస్తున్నారు.

(ఆ) ఆహారం

కోల్‌కతాలో హౌరా వంతెన పక్కన, హుగ్లీ గట్టున మల్లిక్ ఘాట్ పూలబజారు ఉంది. తెల్లవారకముందే అక్కడ బంతిపూల దండలు గుట్టలుగా పోస్తారు. ఆ పూల పసుపుకు ముఖ్య కారణం ల్యూటిన్. మన పచ్చచుక్కలో ఉన్న పసుపు పదార్థం కూడా అదే. మందుల కంపెనీలు ల్యూటిన్‌ను బంతిపూల రేకుల నుండే తీస్తాయి. అయితే మనం పూలు తినవలసిన పని లేదు. ఆకుకూరల్లో ల్యూటిన్ దండిగా ఉంటుంది. అక్కడ ఆకు పచ్చదనం వెనుక దాగి ఉండడం వల్ల ఆ పసుపు మనకు కనిపించదు.

మన పాలకూర ఇక్కడి బజారులో పాలంగ్ శాక్. మన బచ్చలి పుయి శాక్. ఎర్ర తోటకూరను లాల్ శాక్ అంటారు. మునగాకూ దొరుకుతుంది. పేరు ఏదైనా, వారంలో ఎక్కువ రోజులు ఏదో ఒక ఆకుకూర కంచంలో ఉండాలి. ల్యూటిన్ నూనెలో కరిగే పదార్థం. కాబట్టి కూరలో కొద్దిగా నూనె ఉంటే శరీరం దాన్ని బాగా గ్రహిస్తుంది. గుడ్డు పచ్చసొన, మొక్కజొన్న కూడా మంచివే.

క్యారెట్ తింటే కళ్లకు మంచిదని అందరూ అంటారు. నిజమే. అందులోని పదార్థం విటమిన్ 'ఏ' గా మారి రేచీకటి రాకుండా కాపాడుతుంది. కాని పచ్చచుక్కకు కావలసిన ల్యూటిన్ క్యారెట్‌లో కన్న ఆకుకూరల్లోనే చాలా ఎక్కువ.

చేపలు తినేవారిలో ఈ వ్యాధి తక్కువగా ఉన్నట్లు అనేక పరిశీలనలు చెబుతున్నాయి. కొవ్వుగల చేపలలోని ఒమేగా-3 కొవ్వులు నేత్రపటలానికి అవసరమైనవి. గోదావరి జిల్లాల వారు పులస అనే చేపనే బెంగాలీలు ఇలిష్ అంటారు. అది ఖరీదైన చేప. వారానికి ఒకటి రెండుసార్లు అందుబాటులో ఉన్న ఏ చేపనైనా వేపుడుగా కాక పులుసుగా తింటే చాలు. చేప తినని వారు ఆకుకూరలు, పండ్లు, పప్పులు, గింజల మీద శ్రద్ధ పెట్టాలి.

మరి మాత్రలు మింగితే సరిపోదా? అమెరికా జాతీయ నేత్ర సంస్థ దీనిని పరీక్షించింది. విటమిన్ 'సి', 'ఇ', బీటా కెరోటిన్, జింకు, రాగి కలిపిన మాత్రలు, వ్యాధి మధ్యదశకు చేరినవారిలో ముదిరే అవకాశాన్ని సుమారు నాలుగో వంతు తగ్గించాయని 2001లో తేలింది. వ్యాధి లేనివారికి, తొలిదశలో ఉన్నవారికి వీటివల్ల లాభం కనిపించలేదు. బీటా కెరోటిన్ మాత్రలు పొగ తాగేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పును పెంచుతాయి. అందువల్ల 2013లో ప్రకటించిన రెండవ అధ్యయనం తరువాత దాని బదులు ల్యూటిన్, జియాజాంతిన్ వాడుతున్నారు. అదే అధ్యయనంలో ఒమేగా-3 మాత్రలు చేర్చినందువల్ల అదనపు లాభం కనిపించలేదు. కాబట్టి వైద్యుడు చెప్పకుండా దుకాణంలో ఖరీదైన "కంటి మాత్రలు" కొని డబ్బు వృథా చేయకండి. ఆ డబ్బుతో కొన్న ఆకుకూర ఇంటిల్లిపాదికీ సరిపోతుంది.

(ఇ) రక్తపోటు, బరువు, వ్యాయామం

గుండెకు చెడ్డదైన అలవాటు సాధారణంగా కంటికీ చెడ్డదే. రెండూ సన్నని రక్తనాళాల మీద ఆధారపడి ఉన్నాయి. అధిక రక్తపోటు, స్థూలకాయం ఉన్నవారిలో, బొత్తిగా కదలకుండా కూర్చునేవారిలో ఈ వ్యాధి ఎక్కువగా ఉన్నట్లు చాలా అధ్యయనాలు చూపాయి. అయితే పొగాకు విషయంలో ఉన్నంత గట్టి సాక్ష్యం వీటికి లేదు. రోజూ అరగంట వేగంగా నడవడం, ఉప్పు, నూనె, మిఠాయిలు తగ్గించడం, రక్తపోటును పరీక్షించుకోవడం ఎలాగూ చేయవలసిన పనులే. కంటికీ మేలు చేయవచ్చుననేది అదనపు కారణం.

మధుమేహం వల్ల వచ్చే నేత్రపటల వ్యాధి వేరు. అదీ చూపు పోగొడుతుంది. కనుక మధుమేహం ఉన్నవారు ఏడాదికి ఒకసారి తప్పనిసరిగా కంటి వెనుక పొరను చూపించుకోవాలి.

(ఈ) ఎండ, గాలి

తీవ్రమైన ఎండకూ ఈ వ్యాధికీ సంబంధం గురించి అధ్యయనాలు ఏకాభిప్రాయానికి రాలేదు. అయినా గొడుగో, టోపీయో వాడడం వల్ల నష్టం లేదు. ఎండ శుక్లం ముప్పును ఎలాగూ పెంచుతుంది. గాలిలో సన్నని ధూళి ఎక్కువగా ఉన్న చోట నివసించేవారిలో ఈ వ్యాధి కొంత ఎక్కువని బ్రిటన్‌లో 2021లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. శీతకాలంలో కోల్‌కతా గాలి ఎలా ఉంటుందో మీకు తెలుసు. గాలిని ఒక్కరం మార్చలేం. కాని ఇంట్లో మనం చేసే పొగను తగ్గించవచ్చు.

18.5.3 ఒక హెచ్చరిక: కలిసి కనిపించడం వేరు, కారణం వేరు

పైన చెప్పిన ఆంధ్రప్రదేశ్ అధ్యయనంలో, శుక్లం ఆపరేషన్ అయినవారిలో కూడా ఈ వ్యాధి ఎక్కువగా కనిపించింది. అంటే ఆపరేషనే వ్యాధిని తెచ్చిందా? అలా అనుకోకూడదు. వయసు, పొగాకు వంటివి శుక్లాన్నీ పెంచుతాయి, పచ్చచుక్క క్షీణతనూ పెంచుతాయి. శుక్లం తీసిన తరువాత వైద్యునికి కంటి వెనుక భాగం స్పష్టంగా కనిపించి, ముందే ఉన్న వ్యాధి బయటపడవచ్చు. వానాకాలంలో గొడుగులూ కనిపిస్తాయి, కప్పలూ కనిపిస్తాయి. గొడుగులు కప్పలను తేలేదు కదా! కాబట్టి ఈ భయంతో శుక్లం ఆపరేషన్ మానుకోవద్దు.

పాఠగత ప్రశ్నలు 18.2

1. కింది వాటిలో మనం మార్చగలిగిన కారకాలను గుర్తించండి: వయసు, చుట్ట, వంశం, ఆహారం, రక్తపోటు.
2. తప్పో, ఒప్పో చెప్పండి:
(అ) పచ్చచుక్కకు కావలసిన ల్యూటిన్‌ను మన శరీరమే తయారుచేసుకొంటుంది.
(ఆ) పొగ తాగేవారు బీటా కెరోటిన్ మాత్రలు వేసుకోవడం మంచిది.
(ఇ) ఇంట్లో ఒకరు తాగే పొగ మిగిలినవారి కళ్లకు కూడా ముప్పే.

18.6 చేసి చూడండి: గళ్ల పరీక్ష

స్విట్జర్లాండ్‌కు చెందిన మార్క్ ఆమ్‌స్లర్ అనే నేత్రవైద్యుడు 1940లలో ఒక తేలికైన పరీక్షను ప్రచారంలోకి తెచ్చాడు. దానిని మీరే తయారుచేసుకోవచ్చు.

1. తెల్ల కాగితం మీద 10 సెంటీమీటర్ల చదరం గీయండి.
2. దానిలో 5 మిల్లీమీటర్ల దూరంలో అడ్డగీతలు, నిలువుగీతలు గీయండి. అడ్డంగా 20, నిలువుగా 20 గళ్లు వస్తాయి.
3. సరిగ్గా మధ్యలో ఒక నల్లచుక్క పెట్టండి.
4. చదివే కళ్లజోడు ఉంటే పెట్టుకోండి. కాగితాన్ని మంచి వెలుతురులో, ముఖానికి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోండి.
5. ఒక కంటిని అరచేతితో మూయండి. రెండవ కంటితో మధ్య చుక్కనే చూడండి. గీతలు అన్నీ తిన్నగా ఉన్నాయా? ఎక్కడైనా వంకరగా, మసకగా, ఖాళీగా ఉన్నాయా?
6. ఇప్పుడు రెండవ కంటిని మూసి అదే విధంగా చేయండి.

ఒక్కొక్క కంటిని విడిగా పరీక్షించడం ముఖ్యం. రెండు కళ్లూ తెరిచి ఉంటే, బాగున్న కన్ను చెడిన కంటి లోపాన్ని కప్పివేస్తుంది. తాతగారు మూడు నెలలు గడపడానికి అదీ ఒక కారణం. చదవడం రాని పెద్దవారు కూడా ఈ పరీక్ష చేసుకోగలరు. కాగితం లేకపోతే కిటికీ ఊచలు, తలుపు అంచు, గోడ పలకల గీతలు చాలు. మీ ఇంట్లో 50 దాటినవారందరితో నెలకు రెండు మూడు సార్లు చేయించండి. ఈ పరీక్షలో తేడా రాకపోయినా కంటి వైద్య పరీక్ష మానకూడదు. తొలిదశ వ్యాధి గళ్లలో కనిపించకపోవచ్చు.

18.7 వైద్యం

గీతలు వంకరగా కనిపిస్తే, నడిమి చూపులో మచ్చ కనిపిస్తే, "వచ్చే నెల పింఛను వచ్చాక" అని ఆగవద్దు. ఆ వారంలోనే కంటి ఆసుపత్రికి వెళ్లండి. కోల్‌కతా మెడికల్ కాలేజీ ఆవరణలో ప్రభుత్వ ప్రాంతీయ నేత్ర వైద్య సంస్థ ఉంది. వైద్యుడు కంటిలో చుక్కల మందు వేసి, పాపను పెద్దది చేసి వెనుక పొరను చూస్తాడు. ఆ తరువాత కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది కాబట్టి తోడు తీసుకొని వెళ్లండి.

తడి రకానికి ఇప్పుడు మంచి వైద్యం ఉంది. పనికిరాని రక్తనాళాలను పెంచే మాంసకృత్తును అడ్డుకొనే మందును కంటి లోపలికి సూదితో ఇస్తారు. ఇలాంటి మందులు 2005, 2006 ప్రాంతాల నుండి విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. కంటికి సూది అంటే భయం సహజం. మత్తు చుక్కలు వేసి ఇస్తారు కనుక నొప్పి కొద్దిగానే ఉంటుంది. సాధారణంగా అనేకసార్లు ఇవ్వవలసివస్తుంది. మధ్యలో మానితే వ్యాధి తిరగబెట్టవచ్చు. త్వరగా మొదలుపెడితే ఉన్న చూపు నిలుస్తుంది. కొందరిలో కొంత మెరుగవుతుంది. మచ్చకట్టిన తరువాత వస్తే ప్రయోజనం తక్కువ.

పొడి రకంలో పోయిన చూపును తెచ్చే మందు లేదు. అయినా పెద్ద అక్షరాలు, భూతద్దం, మంచి వెలుతురు సాయంతో మిగిలిన చూపును వాడుకోవడం నేర్పుతారు.

తాతగారి ఒక కంటిలో మచ్చ మిగిలిపోయింది. రెండవ కన్ను బాగుంది. ఆయన చుట్ట మానారు. రేవులో పనిచేసే కొడుకును కూడా సిగరెట్టు మానమన్నారు. కొడుకు వయసు 38. కొడుకుకు తండ్రి నుండి వంశపు ముప్పు ఎలాగూ వచ్చింది. దాని మీద పొగాకు ముప్పును కూడా చేర్చుకోవాలా, వద్దా అనేది అతని చేతిలో ఉంది. మీ ఇంట్లో కూడా ఈ ప్రశ్న వేసుకోండి.

18.8 మీరు నేర్చుకొన్నవి

• చదివే చూపు నేత్రపటలం మధ్యనున్న పచ్చచుక్క మీద ఆధారపడి ఉంది.
• వయసుతో వచ్చే పచ్చచుక్క క్షీణత పొడి, తడి అని రెండు రకాలు. నొప్పి లేకుండా వస్తుంది.
• వయసు, వంశం మార్చలేనివి. పొగాకు, ఆహారం, రక్తపోటు, బరువు, వ్యాయామం మార్చగలిగినవి. వీటిలో పొగాకు అన్నిటికన్నా బలమైనది.
• మంచి అలవాట్లు ముప్పును తగ్గిస్తాయి. పోయిన చూపును తిరిగి తేలేవు. కనుక ముందుగానే మొదలుపెట్టాలి.
• గీతలు వంకరగా కనిపిస్తే వెంటనే వైద్యునికి చూపించాలి.

18.9 పాఠాంత ప్రశ్నలు

1. పచ్చచుక్క క్షీణతకూ, శుక్లానికీ గల తేడాలు రాయండి.
2. పొగాకు పచ్చచుక్కకు ఎలా హాని చేస్తుందో వివరించండి.
3. 'కలిసి కనిపించడం వేరు, కారణం వేరు' – మీ అనుభవం నుండి ఒక ఉదాహరణ ఇచ్చి చర్చించండి.
4. మీ ఇంట్లో గత వారం వండిన ఆకుకూరల జాబితా తయారుచేయండి. ఎన్ని రోజులు వండారు? ఇంకా ఏవి చేర్చవచ్చు?
5. మీ ఇంట్లో గాని, ఇరుగుపొరుగున గాని 50 ఏళ్లు దాటిన ముగ్గురితో గళ్ల పరీక్ష చేయించి, వారు చెప్పిన విషయాలు నోటు పుస్తకంలో రాయండి. తేడా కనిపించినవారిని ఆసుపత్రికి పంపండి.

18.10 పాఠగత ప్రశ్నలకు సమాధానాలు

18.1: 1. శంకువులు 2. డ్రూసెన్ 3. తడి
18.2: 1. చుట్ట, ఆహారం, రక్తపోటు 2. (అ) తప్పు (ఆ) తప్పు (ఇ) ఒప్పు